ఇంటామెను తోలుకరా

పంజాగుట్టలో కుట్టు దుకాణం నడిపే శివరాములు సేటు, పనికోసం వచ్చిన మనిషిని ఒక్క ప్రశ్న కూడా అడిగేవాడు కాదు. అడిగేదంతా అతని ఇంట్లో ఆడమనిషిని. పెళ్లామో, తల్లో, మేనత్తో వచ్చి చాప మీద కూర్చుంటే తప్ప ఎవరినీ పనిలో పెట్టుకోడు. వచ్చినవాడు తన పనితనం గురించి చెప్పబోయేలోపే "ఇంటామెను తోలుకరా" అని వెనక్కి పంపేవాడు.

పంజాగుట్టకు ఈ పద్ధతి బాగానే సరిపోయింది. 1937లో సేటు రంగూన్‌లో ఇంకో దుకాణం తీసుకున్నాడు. ఇక్కణ్నుంచి ఒక మంచి దర్జీ, ఒక మేనేజరు పోవాలి. మనుషుల్ని వెతికే పని గుమాస్తా ఐలయ్య మీద పడింది.

మేనేజరును మాత్రం ఐలయ్య వెతకలేదు. అది తానేనని అమీర్‌పేటలో అందరికీ అప్పటికే చెప్పేశాడు. సేటేమో ఆ ఊసు వచ్చినప్పుడల్లా, ఐలయ్య లేకుంటే పంజాగుట్ట దుకాణం మునుగుతుందనేవాడు. ఐలయ్య పైకి నిట్టూర్చి, లోపల ఉబ్బి, సాయంత్రానికల్లా ఆ మాట కూడా అమీర్‌పేటంతా చాటి వచ్చేవాడు. "అంత ఉబ్బినోణ్ని, పగలకుండ ఎట్లున్ననో" అని తర్వాతి రోజుల్లో తనే చెప్పుకుని నవ్వేవాడు.

దర్జీలు వచ్చారు. బిక్షం తల్లి కమలవ్వ చాప మీద కూర్చోగానే ఏడ్చింది. ఇంత ఏడ్చే తల్లి దగ్గర్నుంచి కొడుకును ఎట్లా లాక్కుపోతామని సేటు వద్దన్నాడు. సిద్ధిరాములు భార్య రేపే తీసుకుపొమ్మంది, మూట కూడా తనే కట్టిస్తానంది. ఇంట్లోవాళ్లే ఇంత సంబరంగా సాగనంపే మనిషిని రంగూన్ ఏం చేసుకుంటుందని సేటు అతన్నీ వద్దన్నాడు. ఏడిస్తే తప్పు, నవ్వితే తప్పు. మూడు నెలలైనా రంగూన్ దుకాణం తాళం తీయలేదు.

ఐలయ్య ఇక తన తెలివి బయటికి తీశాడు. ఓదెలు అనే దర్జీని పట్టుకొచ్చి, అతని భార్య చిలకమ్మకు రెండు రోజులు పాఠం చెప్పాడు. ఏడవకూడదు, నవ్వకూడదు, కష్టమే గాని ఓర్చుకుంటానని మాత్రం అనాలి.

చిలకమ్మ చాప మీద కూర్చుని ఆ ముక్క గడగడా అప్పజెప్పింది. సేటు ఓపిగ్గా విన్నాడు.

"మంచిగున్నది బిడ్డా. గిది ఐలయ్య మాట. ఇగ నీ మాట చెప్పు."

చిలకమ్మ ఐలయ్య వైపు చూసింది. ఐలయ్య పైకప్పు వైపు చూశాడు.

"నేను సుత పోత. కోట్లకు కాజాలు కుట్టేది నేనే. ఆయన కుడితే గుండీ పట్టది."

ఓదెలు కాదనలేదు. సేటు ఆమెకు సూది, కోటు గుడ్డ ఇచ్చి కుట్టించి చూశాడు. ఇద్దరినీ పనిలో పెట్టుకుని, ఇద్దరికీ ఓడ టిక్కెట్లు తెమ్మన్నాడు. రంగూన్ దుకాణం తాళంచెవి మాత్రం చిలకమ్మ చేతికిచ్చి, పెత్తనం నీదే అన్నాడు.

తను పాఠం చెప్పిన మనిషే మేనేజరైపోయేసరికి ఐలయ్యకు రోషం వచ్చింది. నన్నెందుకు పంపవని మొదటిసారి సూటిగా అడిగాడు. సేటు కొలతల టేపు వేలికి చుట్టుకుంటూ, రుద్రమ్మను అడుగు పొమ్మన్నాడు.

రుద్రమ్మ ఐలయ్య భార్య. మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ ఆమె తాపీగా చెప్పింది.

"మూడు నెల్ల కిందనే సేటు ఇంటికొచ్చిండు. నయాపూల్ మీద టాంగా పోతుంటేనే కింద నీళ్లు జూడలేక కండ్లు మూసుకుంటవ్, ఓడల ఎట్ల పోతవ్? గదే చెప్పిన. ఊరంత చెప్పుకున్నవ్ గద, పరువు పోవద్దని, నువ్వు లేకుంటె దుకాణం మునుగుతదని అనుమన్న."

ఐలయ్యకు కోపం రావాల్సింది. కానీ ఓడను తలుచుకుని మూడు నెలలుగా లోలోపల పడ్డ భయం ఒక్కసారిగా తీరిపోయింది. హాయిగా ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

"ఇంకేం అడిగిండు?"

"నీకేం గావాలె చెల్లె అని అడిగిండు. లగ్గమై పన్నెండేండ్లాయె, గా మాట నన్నెవ్వలు అడగలే."

సేటు చాప ఎందుకు వేస్తాడో ఇన్నాళ్లు పక్కనే కూర్చున్న ఐలయ్యకు ఇప్పటిదాకా తెలియలేదు. ముద్ద కంచంలో పెట్టేసి రుద్రమ్మ వైపు తిరిగాడు.

"రేపు ఏం కూర వండుకుందం? నీకేది ఇష్టం?"

రుద్రమ్మ గరిటె కింద పెట్టి, జ్వరమేమైనా వచ్చిందేమోనని అతని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.