పచ్చగా ఉన్న కొమ్మ

1967లో నేను తార్నాక పక్కనున్న విశ్వవిద్యాలయ క్యాంపస్‌లో గార్డెన్ సూపర్‌వైజర్‌ని. తోటపని అంటే పూలమొక్కలే అనుకుంటారు చాలామంది. మా పనిలో సగం మనుషులకు దెబ్బ తగలకుండా చూడటం. కదిలే మెట్టు, దారిలోకి లేచిన వేరు, ఎండిన కొమ్మ, ఇట్లాంటివి వెతుకుతూ రోజూ సైకిల్ మీద ఒక చుట్టు తిరిగేవాణ్ణి.

బస్టాపు దగ్గర పెద్ద నిద్రగన్నేరు చెట్టు, దాని కింద ఇనుప బెంచీ ఉండేవి. సీతాఫల్‌మండి, అంబర్‌పేట్ వెళ్లే విద్యార్థులు ఆ నీడలోనే బస్సుకోసం కూర్చునేవారు. ఫిబ్రవరిలో ఒక పొద్దున అక్కడ ఊడ్చే లచ్చమ్మ నన్ను ఆపింది.

"సారూ, గీడ రోజు కట్టెపొట్టు వడుతున్నది. ఊడ్చిపోతె తెల్లారి మళ్ల ఉంటున్నది."

పొట్టు రాలుతోందంటే పురుగు లోపల తొలుస్తున్నట్టు. తలెత్తి చూశాను. రోడ్డు వైపు ఒక కొమ్మ ఆకు లేకుండా ఎండి ఉంది. చెట్టు మీద అట్లా చచ్చి మిగిలిన కొమ్మను మేం డెడ్ వుడ్ అంటాం. ఇదేనని తేల్చేశాను. లచ్చమ్మ ఇంకో దిక్కు చెయ్యి చూపిస్తూ ఏదో అంటోంది. అప్పటికే నేను పెడల్ మీద కాలు పెట్టేశాను.

మా ఆఫీసర్ అనుమతితో ఆ కొమ్మ కొట్టించాం. లోపల గట్టి చేవ తప్ప పురుగు జాడే లేదు. మరునాడు బెంచీ మీద మళ్లీ పొట్టు.

"నేను చెప్పిన కొమ్మ అది గాదు సారూ," అంది లచ్చమ్మ నెమ్మదిగా. "బెంచి మీదికి వచ్చింది సూడు, గది."

అది నిండా ఆకుతో పచ్చగా ఉంది. నిచ్చెన వేయించి ఎక్కి, కొమ్మ మొదలు దగ్గర కర్రసుత్తితో కొట్టాను. దీన్ని సౌండింగ్ అంటారు. గట్టి కట్టె టక్కుమంటుంది, బోలు కట్టె డప్పులా మోగుతుంది. అది డప్పులాగే మోగింది.

ఆఫీసర్ ఈసారి ఒప్పుకోలేదు. "మొన్న గట్లనే అన్నవు, గట్టి కొమ్మ కొట్టించినవు. పరీక్షలప్పుడు రోడ్డు బంద్ జేసుడు కుదరదు. సెలవులదాంక ఆగు."

ఆయన మాటలో తప్పు లేదు, నా మీద నమ్మకం పోగొట్టుకున్నది నేనే. కానీ సెలవులదాకా ఆ కొమ్మ ఆగుతుందని నాకు అనిపించలేదు. "చెట్టును ముట్టుకోను, కింద మనుషులను మాత్రం నిలబడనివ్వను, బాధ్యత నాది" అని కాగితం మీద రాసిచ్చాను. బెంచీ దూరంగా జరిపించి, చుట్టూ తాడు కట్టించాను.

ఎండలో నిలబడాల్సి వచ్చిన పిల్లలు విసుక్కున్నారు. "నీడ ఉండంగ మమ్ముల ఎండల నిలబెడుతున్నరేంది?" అని ఒకమ్మాయి అడిగింది.

"నాలుగు రోజులు ఓపిక వట్టు బిడ్డా," అంటూ లచ్చమ్మ చీపురు పట్టుకుని తాడు దగ్గరే కాపలా ఉంది.

ఐదో రోజు మధ్యాహ్నం, గాలి కూడా లేదు, ఆ కొమ్మ మొదలంటా విరిగి తాడు లోపల పడింది. బెంచీ తీసిన చోటే. నాలుగడుగుల అవతల పదిమంది విద్యార్థులు బస్సుకోసం నిలబడి ఉన్నారు. ఒక్కరికీ గీత పడలేదు.

ఆఫీసర్ వచ్చి విరిగిన మొదలు చూశారు. పైన వేలెడు మందం పచ్చి, లోపలంతా పొడి. "మంచిగ కనిపెట్టినవయ్యా," అన్నారు.

"కనిపెట్టింది లచ్చమ్మ సార్. ఆమె మాట పూర్తిగా వినక మొదట వేరే కొమ్మ కొట్టించింది నేను," అన్నాను అందరి ముందే. ఆయన ఆమె వైపు తిరిగి, "నీకెట్ల ఎరుకైంది?" అని అడిగారు.

"పొట్టు ఏడ వడితె దాని మీదున్న కొమ్మనే గద సారూ," అంది ఆమె, అదేం పెద్ద సంగతి కానట్టు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ చెట్టు మీద సుత్తి వేసే ముందైనా, దాని కింద ఊడ్చే మనిషిని అడిగి, చివరి మాట దాకా విన్నాను. నా చెట్ల కింద ఎవ్వరూ గాయపడలేదు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.