తినలేదన్న మాట

మాఘమాసం, గురువారం సాయంత్రం. శ్రీకాకుళం ఆసుపత్రి గదిలో ఉన్నవారు: రిటైరైన జిల్లా జడ్జిగారు, వారి భార్య, ఆయన కోర్టులో బెంచి క్లర్కుగా పనిచేసిన నేను. ఆయన స్కాన్ రిపోర్టు కోసం ఎదురుచూస్తున్నాం.

జడ్జిగారికి ఒక అలవాటు ఉండేది. తీర్పు చదివే ముందు, ఓడిపోబోయే మనిషిని "భోజనం అయిందా?" అని అడిగేవారు. కాలేదంటే తిని రమ్మని పంపి, మధ్యాహ్నం చదివేవారు. అలాంటి మాట ఖాళీ కడుపుతో వినకూడదనేవారు. ఆ ప్రశ్న ఎవరికి వస్తే వారి కేసు పోయినట్టేనని కోర్టంతటికీ తెలిసిపోయింది.

ఒకసారి పొలం తగాదాలో వచ్చిన కోటబొమ్మాళి రైతు ఒకడు మధ్యాహ్నం కూడా తినలేదనే చెప్పాడు.

"పంపించాను కదా, ఎందుకు తినలేదు?"

"తింటే సదివేస్తారు గదా బాబూ. తిననంతసేపూ పొలం నాదే."

జడ్జిగారు తీర్పు చదివారు. పొలం పోయింది.

గురువారం సాయంత్రం డాక్టరు రిపోర్టుతో వచ్చాడు. మంచం పక్కకు కుర్చీ లాక్కొని, "భోజనం చేశారా సార్?" అన్నాడు.

"లేదు" అన్నారు జడ్జిగారు.

"అదేటండీ, ఇప్పుడే గదా పెరుగన్నం తిన్నారు" అన్నారు అమ్మగారు.

"తినలేదు" అన్నారాయన మళ్లీ, ఆమె వైపు చూడకుండా.

డాక్టరు రేపు మాట్లాడదామని రిపోర్టు మడిచి వెళ్లిపోయాడు.

మర్నాడు ఉదయం అమ్మగారు ఇడ్లీ తుంపి ఆయన నోటి దగ్గర పెట్టారు. వరండాలో డాక్టరు గొంతు వినబడింది. జడ్జిగారు పెదవులు బిగించి గోడ వైపు తిరిగిపోయారు.