భూమన్న పానా పట్టాలంటే

ఆర్మూర్‌లో బండ్ల మెకానిక్ భూమన్నకు ఒక్కటే పిచ్చి. బండి మీద రోజూ ఎవరెవరు ఎక్కుతారో, ఏమేం ఎక్కిస్తారో అంతా ఎదురుగా కనబడాలి. అప్పటిదాకా షాకబ్జర్ల మీద పానా పెట్టడు.

"ఒక్కనివే వచ్చినవా? ఇంటామె ఏది?" అంటాడు బండి తెచ్చినాయనతో.

"బీడీలు చేస్తున్నదే. షాకబ్జర్లకు, ఆమెకు ఏం సంబంధం?"

"గుంత నీకు కనవడ్తది, లేస్తవు. ఆమెకు నీ వీపే కనవడ్తది. పో, తోల్కరా."

బాల్కొండ రైతు ఒకాయన చేత, మార్కెట్ యార్డులో దించేసిన పసుపు బస్తాను మళ్లీ మోయించి బండికి కట్టించాడు. మెండోర నుంచి చేపలు తెచ్చే పోచన్న గంపతో సహా బండెక్కి కూర్చోవలసి వచ్చింది. స్ప్రింగు బిగించేలోపు బజారు పిల్లులన్నీ చుట్టూ చేరాయి.

"ఇవి గూడ ఎక్కుతయా?" భూమన్న నిజంగానే అడిగాడు.

మొన్న నేనక్కడ ఉండగానే రంజిత్ వచ్చాడు. అన్న దుబాయిలో ఉంటే ఆయన బండి మీద తిరిగే తమ్ముడు.

"ఎనక మస్తు లేపాలె అన్నా. స్టయిలుండాలె."

భూమన్న వంగిన బ్రేకు లివరు చూశాడు. "ఎవరు పడ్డరు?"

"మా వదిన. బీడీల గంప కట్టుకొని కార్ఖానకు తనే పోతదట. కాలందక పడ్డది. ఇప్పుడు నడిచే పోతున్నది."

"నువ్వు తోల్కపోవా?"

"నాకు టైమేడుంటదే?"

వెనక లేపితే ఆమె ఇక ఆ బండి ముట్టుకోలేదు.

"వదినను తోల్కరా" అన్నాడు భూమన్న.

పొగాకు వాసన పోని చేతులతో ఉమారాణి వచ్చింది. అలవాటుగా వెనక ఎక్కబోయింది.

"ముందు కూసో అమ్మా."

కాలివేళ్లు మాత్రమే నేలకు తగిలాయి. భూమన్న వెనక స్ప్రింగులు వదులు చేశాడు, దానికి తగ్గట్టు ముందు ఫోర్కులు దించాడు, పక్క షాపులో సీటు స్పాంజి కోయించాడు. ఈసారి పాదాలు రెండూ నేలమీద ఆనాయి. ఆమె ఓసారి కిందికి చూసుకుని, హ్యాండిల్ గట్టిగా పట్టుకుంది.

"అన్నా, నేను చెప్పిందేంది, నువ్వు చేసిందేంది?" రంజిత్ మొహం ముడుచుకున్నాడు.

"నీ బరువు గూడ చూడాలె గదా. ఎనక కూసో. పెర్కిట్ దిక్కు ఒక రౌండు కొట్టి రాండ్రి."

బండి కదిలాక నేనుండబట్టలేక అడిగాను. "ఇన్నేండ్ల చెయ్యి నీది. బరువెంతో నోటితో చెప్తే చాలదా? అందర్నీ ఎందుకు రప్పిస్తవే?"

"బరువుకైతే చాలు. కానీ మగోళ్లను అడుగు, ఎనక కూసున్నోళ్లకు నొప్పే లేదంటరు. ఆమెను రమ్మంటెనే గదా, ఆమె సంగతి ఆమె చెప్పేది."

జనాభా లెక్కల్లో సగం ఉన్నవాళ్లను సంగతేమిటని అడిగిన ఆఫీసు ఈ పట్నంలో నాకింకా కనబడలేదు. ఈ రేకుల షెడ్డు ఒక్కటి కనబడింది.

బండి తిరిగొచ్చింది. ఉమారాణి రెండు కాళ్లూ ఆనించి నింపాదిగా ఆపింది. రంజిత్ దిగి, చొక్కా సర్దుకుని, భూమన్న చెవి దగ్గరికి వంగాడు.

"అన్నా, ఎనక పట్టుకునేతందుకు ఒక గట్టి రాడ్డు ఎయ్యవా జర?"