సుగుణమ్మ గారి అనుమానం

మా ఇంటి సీలింగుకి పనివాళ్లు ప్లాస్టరు కలుపుతున్నారు. తడిసిన ఆ పొడి వాసన తగలగానే నాకు సుగుణమ్మ గారు గుర్తుకొచ్చారు. డెబ్బైల మొదట్లో అమలాపురంలో ఒక మిషను ఆసుపత్రి వెనక షెడ్డులో ఆవిడ కృత్రిమ కాళ్లు తయారుచేసేవారు. మద్రాసులో ఆ చదువు చదివి వచ్చిన మనిషి. మనం మాట్లాడుతుంటే మన మొహం చూసేవారు కాదు, కాళ్లు చూసేవారు. కొత్తపేట దగ్గర మా ఊళ్లో చేలగట్టు మీద నన్ను రక్తపింజరి కరిచింది. కుడికాలు మోకాలి కింద తీసేశారు. కాలేజీ చదువు సగంలో ఆగిపోయింది. ఆ గాయం మానాక నాన్నగారు నన్ను ఆవిడ దగ్గరికి తీసుకెళ్లారు.

నాన్నగారు వేదపండితులు. ఆవిడ నా కాలికి ప్లాస్టరు గుడ్డ చుట్టి అచ్చు తీస్తుంటే గుమ్మం బయటే నిలబడి, "ఇందులో తోలేమైనా వాడతారాండీ?" అని అడిగారు.

"వాడతామండి. కాలు దూర్చుకునే తొడుగు అల్యూమినియందే. దాన్ని తొడకి పట్టి ఉంచే పట్టా మాత్రం తోలు. గుడ్డ పట్టా అయితే సాగిపోయి అమ్మాయి పడుతుందండి."

"ఇంకో దారి లేదాండీ?"

"ఉందని చెప్పి పంపెయ్యొచ్చు. కానీ లేదండి."

తిరుగు బస్సులో నాన్నగారు, "కావాలనే తోలు పెడుతోందేమో ఆవిడ" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. కాలు వచ్చాక, తోలు వంటింట్లోకి రాకూడదని గడప దగ్గరే దాన్ని విప్పేసి లోపలంతా దేకుతూ తిరిగేదాన్ని.

కొన్నాళ్లకి సుగుణమ్మ గారు మళ్లీ రమ్మన్నారు. ఎలా ఉందమ్మా అంటే, "ఆయ్, బాగుందండి" అన్నాను. పెద్దవాళ్లు చేసిచ్చినదానికి వంక పెట్టడం మా వైపు మర్యాద కాదు. ఆవిడ ఆ మాట విననట్టే, తొడుగు లోపల నేను వేసుకునే మేజోడు తీయించి, తొడుగు లోపల బట్టలకి పెట్టే నీలిమందు పూసి, షెడ్డు చివరిదాకా నడవమన్నారు. తిరిగొచ్చి విప్పితే, ఎముక పొడుచుకొచ్చిన చోట చిక్కటి నీలం మచ్చ. దాని చుట్టూ చర్మం అప్పటికే కమిలిపోయి ఉంది.

"ఎన్నాళ్లనించి నొప్పి?"

"అబ్బే, అంత నొప్పేం లేదండి."

"ముమ్మిడివరం నించి ఒకాయన వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా బాగుందండీ అనేవాడు. నేను నమ్మేను. లోపల పుండు పడి, చివరికి మోకాలు కూడా తీసెయ్యాల్సి వచ్చింది. అప్పట్నించి ఎవరేం చెప్పినా నాకు అనుమానమేనమ్మా."

ఆ చోట రేకుని సుత్తితో మెల్లగా బయటికి కొట్టి, మళ్లీ నీలం పూసి, మళ్లీ నడిపించారు. మచ్చ పలచబడేదాకా నన్ను వదల్లేదు.

ఎనభైలు వచ్చేసరికి నేను టీచరునయ్యాను. అమ్మ మంచాన పడింది, వంట నా మీద పడింది. ఓసారి నేల మీద కూర్చుని గంజి వారుస్తుంటే ఒళ్లో ఒలికి తొడ బొబ్బలెక్కింది. అప్పుడే సుగుణమ్మ గారి షెడ్డుకి మద్రాసు నించి కొత్తరకం ప్లాస్టిక్ రేకులొచ్చాయని విన్నాను. వేడిచేస్తే మెత్తబడి అచ్చు మీద ఒదిగిపోతాయట. తొడుగు మోకాటి పైదాకా పట్టుకుంటుంది గనక తోలు పట్టాతో పనే లేదట. పరుగున వెళ్లి అడిగితే ఆవిడ, "ఇప్పుడే ఇవ్వను" అన్నారు. ఒక రేకు ముక్కని వేసవంతా షెడ్డు కప్పు మీద ఎండకి వదిలేశారు. నాకు ఓపిక నశించింది.

"మా ఆచారమంటే మీకు గిట్టదని నాన్నగారు మొదట్నించీ అంటున్నారండి. నిజమేనేమో."

ఆవిడ కోప్పడలేదు. ఆ ముక్క దింపించి నా ఎదుటే వంచారు. మడత దగ్గర వెంట్రుకంత పగులు పాకింది. ఇంకాస్త వంచగానే విరిగిపోయింది.

"గంజిగిన్నె చేతిలో ఉన్నప్పుడు ఇలా అయితే?" అన్నారు.

ఆ సరుకు తిప్పి పంపి, వేరే రకం తెప్పించి, దాన్నీ అలాగే ఎండలో పెట్టి, విరగలేదని చూసుకున్నాకే నాకు కాలు చేశారు.

దాన్ని తెచ్చుకునే రోజు నాన్నగారు మొదటిసారి షెడ్డు లోపలికి వచ్చారు. "ఇందులో తోలు లేదు కదాండీ?" అన్నారు. సుగుణమ్మ గారు కాలు ఆయన చేతిలో పెట్టి, "నా మాట నమ్మొద్దండి. మీరే చూసుకోండి" అన్నారు. ఆయన తిప్పి చూశారు, వాసన చూశారు, తొడుగులో చెయ్యి పెట్టి అంచు పొడుగునా వేలితో తడిమారు. ఒకచోట ఆ వేలు ఆగింది.

"ఇక్కడ కొంచెం గరుగ్గా ఉందండి. అమ్మాయికి ఒరుసుకోదూ?"

ఆవిడ ఆ చోట తనూ తడిమి చూసి, "ఆయ్, నిజమేనండి" అని ఆకురాయి అందుకున్నారు. అది నున్నబడేదాకా నాన్నగారు పక్కనే నిలబడ్డారు. ఆ సాయంత్రం నేను వంటింట్లో నిలబడి అన్నం వార్చాను.

ఆవిడ పోయి చాలా కాలమైంది. నేను బళ్లో పనిచేసినన్నాళ్లూ పిల్లలు నన్ను అనుమానాల టీచరనేవారు. అర్థమైందా అంటే తలలూపేవాళ్లని నేను వదిలేదాన్ని కాదు. వెనక బెంచీలో ఎప్పుడూ నవ్వుతూ కూర్చునే ఒక పిల్లని ఓ రోజు పిలిచి, బోర్డు మీది వాక్యం చదవమన్నాను. చదవలేకపోయింది. అక్షరాలు కనబడటం లేదట. అన్నాళ్లూ పక్కపిల్ల పుస్తకం చూసి రాసుకుంటోంది.

"మరి చెప్పలేదేమే?" అన్నాను.

"మీరు అంత కష్టపడి రాస్తున్నారు కదండీ" అంది.