పెళ్ళికారు కింద చల్లటి నీళ్ళు

సొంత కారుకి పూలదండలు కట్టి, బెలూన్లు కట్టి, తీరా పెళ్ళికొడుకుని ఆటోలో ఎందుకు పంపావని మా తుష్నాబాద్ ఊరంతా నన్ను అడుగుతోంది. ఒక్కొక్కడికీ విడివిడిగా చెప్పలేక చస్తున్నాను. టీ తాగుతూ అందరూ ఒకేసారి వినెయ్యండి. నవ్వడం మాత్రం చివర్లో పెట్టుకోండి.

నాకు ముప్పయ్యేళ్ళుగా డుంగీ ఉంది, చేపలకి వెళ్ళే చిన్న మోటారు పడవ. దాని ఇంజన్ స్టార్ట్ చెయ్యగానే రేజ్ చేసేవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. ముందు మెల్లగా తిరగనివ్వాలి. సముద్రం నీళ్ళు ఇంజన్‌లోకి వెళ్ళి, దాన్ని చల్లబరిచి, పక్క గొట్టంలోంచి బయటికొస్తాయి. వాటి కింద చెయ్యి పెట్టి చూడాలి. గోరువెచ్చగా తగిలాయా, అప్పుడు ఫుల్ స్పీడ్! ఆ నీళ్ళు ఆగిపోయాయా, వెంటనే ఇంజన్ ఆపెయ్యాలి, లేకపోతే కాలిపోతుంది. మా పేటలో ఇప్పటిదాకా ఇంజన్ పాడుచేసుకోని వాణ్ణి నేనొక్కణ్ణే. గర్వమా? ఉంది, దాచడమెందుకు!

కిందటి నెల సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. నడపడం వచ్చు. అంతకు మించి దాని గురించి ఏమీ రాదు. ఆ సంగతి అప్పటికి నాకు తెలీదు.

ఇంతలో బామ్మర్ది రాజు పెళ్ళి వచ్చింది. మా మామగారు పోయాక వాణ్ణి పెంచి పెద్దచేసింది నేనూ, మా ఆవిడ పైడమ్మా. అందుకే వాడు నా కారులోనే పెళ్ళికి వెళ్ళాలని పట్టుబట్టాను. పెళ్ళి పోర్ట్‌బ్లెయిర్‌లో, డెయిరీ ఫార్మ్ అనే పేటలోని ఆడపెళ్ళివారింట్లో. ముహూర్తం పదీ ఇరవైకి. దారి ముప్పావుగంట.

పావు తక్కువ తొమ్మిదికి కారు స్టార్ట్ చేశాను. వెనకాల మావాళ్ళ బస్సు రెడీ. పెళ్ళికొడుకు బండి కదిలితేగానీ అది కదలకూడదు. రాజుగాడు పట్టుబట్టల్లో చెమటలు కక్కుతుంటే ఏసీ వేసి కూర్చోబెట్టాను. దిగి కారు చుట్టూ తిరిగితే, కింద నీళ్ళు పడుతున్నాయి! నాకెంత సంతోషమేసిందో! ఆహా, కారుకీ ఈ ఏర్పాటు ఉందన్నమాట. వంగి చెయ్యి పెట్టాను. ఐసు!

"ఇంజన్ ఇంకా వేడెక్కలేదు. ఆగండి" అన్నాను.

తొమ్మిది అయింది. ఐసు. తొమ్మిదీ పది. ఐసే!

ఒళ్ళో పళ్ళెంతో వెనకసీట్లో కూర్చున్న పైడమ్మ కారులోంచి తల బయటపెట్టి, "ఏటండీ ఇది? కారు కొన్నది ఎక్కడానికా, కింద తడమడానికా? బేగి పదండి!" అంది.

"కొత్తగా కొన్న బండే! చల్లటి ఇంజన్‌తో ఎత్తులు ఎక్కిస్తే ఏమవుతుందో నీకేం తెలుసు?"

బస్సులోంచి మావాళ్ళు దిగొచ్చారు. అందరూ చేపల వేటకెళ్ళేవాళ్ళే. ఒక్కొక్కడూ వంగి చెయ్యి పెట్టడం, గంభీరంగా తలాడించడం. "అవును బావా, సల్లగానే ఉన్నాయి." "పంపు మంచిదే, నీల్లు బాగా వస్తన్నాయి." మా ఎర్రయ్య మామైతే వేలు నోట్లో పెట్టుకుని, "ఉప్పగా నేవురా" అని ఆశ్చర్యపోయాడు. అది విన్నాకైనా మాకు అనుమానం రావద్దూ! రాలేదు.

"కాస్త రేజ్ చెయ్యి బావా" అన్నారు. చేశాను. నీళ్ళు ఇంకా ఎక్కువొచ్చాయి. ఇంకా చల్లగా వచ్చాయి.

తొమ్మిదింపావు దాటింది. లోపల రాజుగాడికి తుమ్ములు పట్టుకున్నాయి, పాపం. చలికి తాళలేక ఏసీ ఆపేశాడు. కాసేపటికి కింద నీళ్ళు ఆగిపోయాయి.

"నీళ్ళు ఆగిపోయాయి! ఇంజన్ ఆపండి! కాలిపోతుంది!" నేనే అరిచి, నేనే పరిగెత్తి తాళంచెవి లాగేశాను. బానెట్ ఎత్తి, చేతికి దొరికిన డబ్బా మూత ఊడదీసి, ప్లాస్టిక్ కవరేమైనా అడ్డుపడిందేమోనని వెతుకుతున్నాను. సముద్రంలో అయితే అదే కదా అడ్డుపడేది!

మా బస్సు వెనకాల ఇరుక్కున్న ఆటో భయ్యా హారన్ కొట్టి కొట్టి, విసుగొచ్చి దిగొచ్చాడు. సంగతి విన్నాడు. కారులోకి తొంగి చూశాడు.

"ఏసీ బంద్ కియా క్యా?" ఏసీ ఆపేశారా అని.

"హాఁ" అన్నాడు రాజు, తుమ్ముతూ.

"తో పానీ కహాఁ సే ఆయేగా భయ్యా? వో ఏసీ కా పానీ థా!"

ఏసీ ఆపేస్తే నీళ్ళెక్కణ్ణుంచి వస్తాయిట? అవి ఇంజన్ నీళ్ళు కావుట. ఏసీ నీళ్ళుట. ఏడాది తిప్పినా చల్లగానే వస్తాయిట. మావాళ్ళందరూ ఒక్కసారిగా నా నుంచి రెండడుగులు దూరం జరిగారు, చెయ్యి పెట్టింది నేనొక్కణ్ణే అన్నట్టు.

"ఆధా మినిట్ గరమ్ కరో, బస్. ఫిర్ ఆరామ్ సే చలావో, చల్తే చల్తే గరమ్ హో జాయేగా" అన్నాడు భయ్యా. అర నిమిషం వేడిచేస్తే చాలుట, తర్వాత మెల్లగా నడుపుతుంటే అదే వేడెక్కుతుందిట.

టైము తొమ్మిదిన్నర. బానెట్ తెరిచి ఉంది, డబ్బా మూత నా చేతిలో ఉంది. రాజుగాడు బాసికంతో సహా గభాల్న ఆటో ఎక్కేశాడు. బస్సు పక్కకి జరిగి దారివ్వగానే, భయ్యా అర నిమిషం కూడా ఆగలేదు. వెనకాలే బస్సూ వెళ్ళిపోయింది. మూత బిగించి నేను సీట్లో కూర్చునేసరికి పైడమ్మ కెవ్వుమంది: "ఏవండీ, తాళిబొట్టు పళ్ళెం నా ఒళ్ళోనే ఉండిపోయింది!"

నిజం చెప్తున్నాను, ఏడుపొచ్చింది నాకు. పెంచిన చేతులతోనే వాడి ముహూర్తం తప్పిస్తున్నానా? తొక్కాను. ఎంత తొక్కితే ఏం, రెండు మలుపుల్లో బస్సు వెనక తగులుకున్నాను. ఎత్తు మీద మూలుగుతూ పోతోంది, పక్కకి తప్పుకునే జాగా లేదు. ముప్పావుగంట వేడిచేసిన ఇంజన్‌తో సెకండ్ గేర్‌లో పాకుతున్నాను! ఫోన్‌కి సిగ్నల్ లేదు. హారన్ వాయిస్తే, సంబరంగా కొడుతున్నానని బస్సులోవాళ్ళు ఈలలేసి చేతులూపారు.

పదీ ఇరవై అయిదుకి పళ్ళెం పట్టుకుని పందిట్లోకి పరిగెత్తాను. పంతులుగారు ముహూర్తం దాటనివ్వలేదు. పసుపుకొమ్ముకి దారం చుట్టి కట్టించేశారు. నేను తెచ్చిన తాళి తర్వాత కట్టించారు. గుండె కుదుటపడి, పందిరి గుంజ పక్కన కూలబడ్డాను. ఆటో భయ్యా అప్పటికే మొదటి బంతిలో భోంచేస్తూ, చుట్టూ ఉన్నవాళ్ళకి ఏదో చేతులు తిప్పి చెప్తున్నాడు.

ఇంతలో కొత్త పెళ్ళికూతురు గ్లాసు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఆ అమ్మాయి నాతో మాట్లాడిన మొదటి మాట ఇదే:

"మంచినీళ్ళు తీసుకోండి అన్నయ్యా. చల్లగానే ఉన్నాయి. తాగుతారా, కాసేపు ఆగుతారా?"