మూల కోసిన లిఫాఫా

మైదా పిండి సన్న మంట మీద ఉడికి, కాగితాలు అంటించే లై అయ్యేటప్పుడు ఒక వాసన వస్తుంది. మొదట పచ్చిగా, తర్వాత కమ్మగా, గరిటె ఒక్క క్షణం మరిచిపోతే మాడుగా. ఈ ఉదయం ఆ మాడు వాసన ముక్కుకు తగలగానే నేను వెనక్కి తిరిగి చూశాను. గదిలో ఎవరూ లేరు. కానీ పక్కనే నిలబడి, గిన్నెలోకి కాకుండా నా మొహంలోకి చూసే సుగుణక్క ఉన్నట్టే అనిపించింది. లై మాడితే పొయ్యిని కాదు, మనిషిని అనుమానించేది ఆమె. ఎక్కడో పరధ్యానం ఉంటేనే గరిటె ఆగుతుందని ఆమె లెక్క.

కరీంనగర్ బస్టాండుకు దగ్గర్లో, మెట్లెక్కి వెళ్లే ఒక గదిలో సుగుణక్క ఉత్తరాల కాగితాలు, వాటికి తగిన లిఫాఫాలు చేసి అమ్మేది. కవరు అంటే ఆమెకు నచ్చదు. కవరు దిండుకు తొడుగుతారు, ఉత్తరానికి లిఫాఫాయే అనేది. ఫోన్ల కాలంలో ఉత్తరాలు రాసేదెవరని నేనూ మొదట అనుకున్నాను. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగిన నాకు, ముద్దొచ్చే కాగితం కొనుక్కుని దాని మీద నాలుగు మాటలు రాసుకునే మనుషులుంటారంటే నమ్మబుద్ధి కాలేదు. పైకి కాగితం పెట్టి, లోపల ఇంకేదో వ్యాపారం నడుస్తుందేమోనని పనిలో చేరిన కొత్తలో నాకు గట్టి అనుమానం. తీరా చూస్తే కొనేవాళ్లు వస్తూనే ఉండేవారు. నిశ్చితార్థమైన అమ్మాయిలు, రిటైరవుతున్న హెడ్మాస్టరుకు ఏదైనా ఇవ్వాలనుకునే టీచర్లు, వియ్యంకుడికి తన చేతిరాతతో పిలుపు పంపితేనే మర్యాద అనుకునే ఆడపిల్లల తండ్రులు.

పని నేర్పడమంటే ఆమె దృష్టిలో అనుమానించడం నేర్పడమే. కొనేవాళ్లు తమ కాగితం ఫలానా కొలత అని నోటితో చెబితే ఒప్పుకునేది కాదు, అసలు కాగితాన్నే తెమ్మనేది. తెచ్చాక దాన్ని రెండు వైపులా వంచి చూసి, ఏ వైపు సులువుగా వంగుతుందో ఆ వైపే మడత పెట్టించేది. ఎదురు మడిచామా, కాగితం చిట్లుతుంది. లిఫాఫాకు ఎంచిన కాగితాన్ని కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టి, లోపలి అక్షరం బయటికి కనబడితే లోపల పలుచని రంగు కాగితం అతికించమనేది. ఉత్తరం కంటే లిఫాఫా తెల్లగా ఉంటే అసలే ఒప్పుకోదు. ఒకసారి నేను జరీ అంచున్న మెరిసే కాగితం ఎంచితే, దాన్ని నా చేతిలోంచి తీసి పక్కన పెట్టేసింది.

"లిఫాఫా గింత మెరిస్తె లోపటి మాట చిన్నబోతది పిల్లా. ఎవడన్న మెరిసేది తెచ్చిండంటె లోపట ఏం లేనట్టే అనుకో."

ఆమె అందరినీ అనుమానిస్తే, నేను ఆమెను అనుమానించాను. రాసిన ఉత్తరాన్ని తెచ్చి దానికి సరిపడే లిఫాఫా కావాలన్నవాళ్ల కాగితం తీసుకుని ఆమె లోపలి గదిలోకి పోయేది, తలుపు దగ్గరికి వేసేది. మందం చూడటానికంటుంది. చదవడానికే అని నా నమ్మకం. ఒకరోజు తలుపు సందులోంచి చూస్తే, ఉత్తరాన్ని బోర్లా పెట్టి, కళ్లు మూసుకుని, వేళ్లతో మందం చూస్తోంది. నా అనుమానం తీరాలి కదా, తీరలేదు. నేను చూస్తున్నానని తెలిసే కళ్లు మూసుకుందేమో అనుకున్నాను.

ఇంతలో నాకు సంబంధం కుదిరింది. అబ్బాయిది హుజూరాబాద్, వాళ్లకు విత్తనాల దుకాణం ఉంది. మా మేనమామ తెచ్చిన సంబంధం. కూలి మగ్గం మీద బతికే ఇంటికి అంతకంటే మంచిది వస్తుందని ఎవరూ అనుకోలేదు. బాపు నా దగ్గరే కాగితం కొనుక్కుని, వంకర టింకర అక్షరాలతో వియ్యంకుడికి పిలుపు ఉత్తరం రాశాడు. మీగడ రంగు కాగితంతో దానికి లిఫాఫా నేనే చేశాను. నాలుగు మూలలా పసుపు పెట్టాను. అంటించబోతుంటే సుగుణక్క ఆపింది. తన పెండ్లి లిఫాఫా తానే అంటించుకోవడం మంచిది కాదని, తాను అంటించి కొరియర్‌లో వేస్తానని అంది. అలాంటి ఆనవాయితీ నేనెప్పుడూ వినలేదు. అయినా ఇచ్చేశాను.

మా వైపు చావు కబురు రాసిన కార్డుకు ఒక మూల చింపి పంపేవారు. అది ఇంట్లోకి తేకుండా గడప బయటే చదివి పారేసేవారు. ఫోన్లు వచ్చాక ఆ కార్డులు పోయాయి గానీ, పాతవాళ్ల చూపు ఇప్పటికీ ముందు మూలల మీదికే పోతుంది. మా లిఫాఫా పంపిన రెండు రోజులకు అబ్బాయి తండ్రి ఫోన్ చేశాడు. మగ్గాల చప్పుడుకు చెవులు మందమైన బాపు ఫోను ఎప్పుడూ స్పీకర్‌లో పెట్టే మాట్లాడతాడు. అందుకే ప్రతి మాటా మేమంతా విన్నాం.

"ఏం పనయ్యా ఇది? పెండ్లి మాటకు మూల తెంపి పంపుతరా? మా ఇంటికి కీడు గోరుతున్నరా?"

బాపుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, కనబడని మనిషికి ఫోన్ ముందే చేతులు జోడించాడు. పొరపాటైందని, వచ్చి కాళ్లు పట్టుకుంటానని అన్నాడు. అటువైపు ఫోన్ పెట్టేశారు. ఆ తర్వాత మేనమామ ద్వారా కబురొచ్చింది. చేతిలో కీడున్న పిల్ల తమకొద్దని.

బాపు నన్ను కొండగట్టు తీసుకెళ్లి ఆంజనేయస్వామికి మొక్కించాడు. తిరుగు బస్సులో కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు. నాకు మాత్రం ఒకటే ఆలోచన. నేనిచ్చినప్పుడు ఆ లిఫాఫాకు నాలుగు మూలలూ ఉన్నాయి. పసుపు పెట్టిన వేలు నాదే. కొరియర్‌లో చిరిగిందనుకుందామంటే, కత్తెరతో కోసినట్టు సాఫుగా ఉందని మేనమామ చెప్పాడు. మర్నాడు గదికి వెళ్లి, సుగుణక్క రాకముందే కత్తిరింపుల బుట్ట నేల మీద బోర్లించాను. అడుగున దొరికింది. గోరంత ముక్క, మీగడ రంగు, కొస మీద నా పసుపు.

ఆమె వచ్చాక ఆ ముక్కను బల్ల మీద పెట్టాను. బుకాయిస్తుందనుకున్నాను. చెప్పులు విడిచి, కూర్చుని, దాన్ని చూసి, నెమ్మదిగా అంది.

"కోసింది నేనే. మూల తెగిన లిఫాఫా వచ్చిందంటె ఎవలో పోయిండ్రని గదా. గా లిఫాఫా చూసినోడు ముందుగాల ఏమడగాలె? మీ ఇంట్ల అందరు మంచిగున్నరా అని అడగాలె. అడిగిండా?"

ఆ ఫోన్‌లో ప్రతి మాటా విన్నాను. ఆ మాట మాత్రం అందులో లేదు.

"నా పెనిమిటి పోయిననాడు కార్డుల మూలలు నేనే చింపిన. మా అత్తగారి దిక్కోళ్లు వచ్చి ముందుగాల అడిగింది, ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నదని. గప్పుడు తెలిసి నాకేం లాభం? నీకు పెండ్లికి ముందుగాల్నే తెల్వాలె అనుకున్న."

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. నా బతుకును పరీక్షకు పెట్టడానికి ఆమె ఎవరని అడిగాను. బాపుకు అన్నం బుక్క దిగడం లేదని చెప్పాను. అది తన పాపమేనని తల దించుకుంది. అప్పుడు నా కడుపులో ఉన్న అసలు అనుమానం బయటికొచ్చింది. నేను పోతే పనికి మనిషి దొరకదని చేశావా అక్కా అని అడిగాను. ఆమె ఆ పసుపు ముక్కను వేలితో తన వైపు జరుపుకుంది.

"అది గూడ మనసుల ఉన్నదేమో. లేదని ఎట్ల చెప్పాలె?"

ఆ మాటతో ఆమె అబద్ధం చెప్పడం లేదని తెలిసింది. నిజం చెప్పినందుకే ఆమెను మన్నించలేకపోయాను కూడా. కొన్నాళ్లు పనికి పోలేదు, మళ్లీ వెళ్లాను. ఆ సంగతి మేమిద్దరం మళ్లీ ఎత్తలేదు. ఆమె నన్ను కాపాడిందా, నా పెళ్లి చెడగొట్టిందా అని ఇప్పటికీ ఒక మాట మీద నిలబడలేను. ఆ తండ్రి అడగలేదు, నిజమే. ఆ అబ్బాయికి అసలు అడిగే అవకాశమే రాలేదు. అతను వేరే పెళ్లి చేసుకుని భార్యతో బాగానే ఉన్నాడని విన్నాను. విన్నరోజు నాకు సంతోషం కలగలేదు. సుగుణక్క తర్వాత ఆదిలాబాద్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయి, అక్కడే కన్నుమూసింది. ఈ గది నాకొదిలేసింది.

నాకు తర్వాత పెళ్లయింది. ఆ లిఫాఫా నేనే చేసి, నేనే అంటించి, మా ఆయన తండ్రి చేతిలో నేనే పెట్టాను. మా ఆయన గ్రానైట్ యార్డులో పని చేస్తాడు, తక్కువ మాట్లాడతాడు. పోయిన ఎండాకాలం బాపు మగ్గం పక్కనే కుప్పకూలాడు. దవాఖాన వరండాలోంచి మా ఆయనకు ఫోన్ చేశాను. "బాపు... దవాఖాన..." అన్నాను, అని ఆగిపోయాను. దుఃఖంతో ఆగానని అతను అనుకుని ఉంటాడు. నేను ఆగింది అతను ముందు ఏమడుగుతాడో వినడానికి. లోపల డాక్టర్లు బాపు ఛాతీ మీద చేతులు పెట్టి ఒత్తుతున్నారు, నేను బయట నిలబడి మొగుణ్ణి పరీక్షిస్తున్నాను.

"ఏ దవాఖాన్ల ఉన్నరు? నువ్వు ఒక్కదానివే ఉన్నవా? నేను బయల్దేరిన," అన్నాడు.

అప్పుడు ఏడ్చాను, అక్కడే నేల మీద కూర్చుని. బాపు బతికాడు. నేను బాపు కోసం ఏడ్చానని మా ఆయన నమ్ముతాడు.