మేబెల్ పెద్దమ్మ అందుకున్న సీసా

మా మేబెల్ పెద్దమ్మకు కోపం ముక్కు మీదే ఉండేది. గుంటూరు వైపు నుంచి సికింద్రాబాదు వచ్చి ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేరింది. ఆపరేషన్లకు మత్తు ఇచ్చేది ఆమే. రోగి ముక్కు మీద గుడ్డ పరిచి, ఈథర్ చుక్కలు పోస్తూ, ఊపిరి కనిపెట్టుకుని కూర్చోవాలి. ఆ పనిలో పలకరిస్తే డాక్టరుకైనా చీవాట్లే.

పోలీసు యాక్షనుకు ముందు, సరిహద్దుల్లో సరుకు ఆపేసిన రోజులవి. మందులు రావడం లేదు. ఈథర్ అడుగంటడంతో, చాలకపోతే వాడదామని క్లోరోఫాం కూడా బల్ల మీద పెట్టారు. ఈథర్ ధారాళంగా పోసినా మనిషి ఓర్చుకుంటాడు. క్లోరోఫాం అలా పోస్తే ప్రాణం మీదికి వస్తుంది.

బన్సీలాల్‌పేట్ నుంచి లచ్చమ్మ కడుపులో గడ్డతో వచ్చింది. మత్తు ఇచ్చే ముందు అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేయడం అక్కడి ఆనవాయితీ. రజాకార్ల భయం మూలాన ఆ రోజు జకర్యా డాక్టరు ప్రార్థన ఎంతకీ తెమలలేదు. పెద్దమ్మకు ఓపిక ఏదీ? కళ్ళు మూసుకునే, ఎప్పుడూ ఈథర్ ఉండే చోటికి చెయ్యి చాచి సీసా అందుకుంది. సర్దడంలో సీసాలు అటూ ఇటూ అయ్యాయని ఆమెకు తెలియదు. ఆమెన్ అనగానే పోయడం మొదలుపెట్టింది.

తియ్యటి వాసన తగిలింది. ఈథర్‌ది ఘాటు. పెద్దమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. చూస్తే లచ్చమ్మ పెదాలు నల్లబడుతున్నాయి, ఊపిరి లేదు.

"నేను పోసింది క్లోరోఫాం డాక్టరుగారూ. కత్తి పెట్టకండి," అంది.

గుడ్డ లాగేసి, దవడ పైకెత్తి, నాలుక బయటికి లాగి పట్టుకుంది. ఊపిరి ఆడించడానికి డాక్టరు లచ్చమ్మ చేతులు తలపైకి ఎత్తడం, ఛాతీకి అదమడం, మళ్ళీ ఎత్తడం. ఎంతకీ ఛాతీ కదలదు. చివరికి వెక్కినట్టు ఒక ఊపిరి, కాసేపటికి ఇంకొకటి.

గడ్డ మాత్రం లోపలే ఉండిపోయింది. మళ్ళీ మత్తు ఇవ్వక తప్పదు, ఇచ్చేవాళ్ళు ఇంకెవరూ లేరు. ఊరసలే అట్టుడుకుతోంది, జరిగింది ఎవరికీ చెప్పొద్దన్నాడు డాక్టరు. పెద్దమ్మ వినలేదు. తెలివి వచ్చాక లచ్చమ్మకూ ఆమె భర్త బిక్షానికీ తన తప్పంతా చెప్పేసింది. బిక్షం ఆమెను ఇంటికి తీసుకుపోదామని జట్కా పిలవడానికి లేచాడు. లచ్చమ్మ అతని చెయ్యి పట్టుకుని ఆపి, పెద్దమ్మ వైపు తిరిగింది.

"నా ఊపిరి ఆగింది నాకెర్కలేదు. నీకే ఎర్క. మల్ల సుత నువ్వే కూసో."

తిట్టినా బాగుండేదనేది పెద్దమ్మ. ఈసారి కళ్ళు తెరిచే ప్రార్థన చేసింది. గడ్డ తీశారు, లచ్చమ్మ బతికింది. కానీ అంత నమ్మకం పెట్టిన మనిషి ముక్కు మీద మళ్ళీ గుడ్డ పరిచినప్పుడు పట్టుకున్న భయం, పెద్దమ్మను చచ్చేదాకా వదల్లేదు.